వ్యాన్‌లో బడి.. గ్యాలరీలో పాత పుస్తకాల కొట్టు!

గత ఏడాది మా ఆఫీసులో నాకో కొత్త పని తగిలించారు. కొత్తగా చేరిన ఇరవై ఇద్దరు ఫ్రెషర్లకు మా సిస్టమ్ ఎలా పని చేస్తుందో చెప్పాలి. ‘నువ్వు బాగా మాట్లాడతావుగా’ అన్నాడు మేనేజర్. మునగచెట్టు ఎక్కించేశాడని తెలిసినా ఎక్కేశాను. మూడు రాత్రులు కూర్చుని 64 స్లైడ్లు తయారు చేశాను. గంటన్నర ఆపకుండా చెప్పాను. చివర్లో ‘ఎనీ డౌట్స్?’ అన్నాను.

ఎవరూ పలకలేదు. ఏసీ చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఆన్‌లైన్‌లో చేరిన అమ్మాయి ఒకరు చాట్‌లో బొటనవేలు బొమ్మ పెట్టింది. ‘అందరికీ అర్థమైందా?’ అంటే ‘యెస్ సర్’ అని కోరస్. సెషన్ సూపర్ హిట్ అనుకుని టీ తాగడానికి వెళ్లాను.

పది రోజులు తిరక్కుండానే ఆ బ్యాచ్‌లో ఒక కుర్రాడు ప్రొడక్షన్‌లో ముట్టుకోకూడని ఫైల్ ఒకటి మార్చేశాడు. సరిగ్గా 31వ స్లైడ్‌లో నేను ఎర్ర అక్షరాల్లో రాసిన ఫైల్ అది. రాత్రి రెండింటి దాకా కూర్చుని వెనక్కి తిప్పాం. రిపోర్టులో కారణం దగ్గర వాడి పేరు పడింది. ఉద్యోగంలో చేరి ఇంకా నెల కూడా కాలేదు. ‘చెప్పాను కదరా!’ అని గట్టిగానే అడిగాను. వాడు తల దించుకుని, ‘చెప్పారు సర్. నాకు అర్థం కాలేదు. అడుగుదామనుకున్నా. అందరూ యెస్ అన్నారు కదా సర్, నేనొక్కడినే అడిగితే బాగోదని..’ అన్నాడు.

ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. తప్పు వాడిదా, నాదా?

మా ఫ్లోర్‌లో డిజైన్ టీమ్‌లో పని చేసే అక్క ఒకావిడ ఉంది. ఫైన్ ఆర్ట్స్ చదివి ఇటువైపు వచ్చింది. ఈ కథంతా విని, ‘నువ్వు స్లైడ్లు మార్చుకుంటూ కూర్చోకు. పాబ్లో ఎల్గేరా అని ఒకాయన ఉన్నాడు. ఆర్టిస్టు. ఆయన పని చూడు’ అంది. ఆర్టిస్టుకీ నా ఫ్రెషర్లకీ ఏం సంబంధం అనుకుంటూనే వెతకడం మొదలుపెట్టాను. ఆ వెతుకులాటే ఈ వ్యాసం.

పగలు ఉద్యోగం.. మరి కళ?

ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూసి నేను మొదట హెల్గేరా అని చదివాను. స్పానిష్‌లో ఆ ‘హ’ పలకరు. ఎల్గేరా అనాలి. 1971లో మెక్సికో సిటీలో పుట్టాడు. అమెరికా వచ్చి షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన స్కూల్లో చదువుకున్నాడు. అక్కడిదాకా మామూలు కథే. ఆ తర్వాతే అసలు మలుపు.

మామూలుగా ఆర్టిస్టు అంటే మనకు ఒక ఊహ ఉంటుంది. గడ్డం, స్టూడియో, అప్పులు, ఎప్పుడో ఒకరోజు వచ్చే గుర్తింపు. ఎల్గేరా మాత్రం ఉద్యోగం చేశాడు. అది కూడా మ్యూజియంలో. బొమ్మలు ఎంపిక చేసే క్యూరేటర్ ఉద్యోగం కాదు, జనానికి బొమ్మల గురించి చెప్పే విద్యా విభాగంలో ఉద్యోగం. 1998 నుంచి 2005 వరకు న్యూయార్క్ గుగ్గెన్‌హైమ్ మ్యూజియంలో, 2007 నుంచి 2020 వరకు అదే నగరంలోని ‘మోమా’లో.. అంటే మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో. మోమాలో పెద్దవాళ్లకు, కాలేజీలకు సంబంధించిన కార్యక్రమాలన్నిటికీ ఆయనే డైరెక్టర్.

మ్యూజియం లోపల ఒక మెట్ల వరుస ఉంటుంది. పైన క్యూరేటర్లు, కింద ఎడ్యుకేటర్లు. క్యూరేటర్ ఏం పెట్టాలో నిర్ణయిస్తాడు. అది చూసి ‘ఇదేంటండీ, దీనికింత డబ్బా?’ అని అడిగే వందల మంది ముందు నిలబడి జవాబు చెప్పేది ఎడ్యుకేటర్. మన భాషలో చెప్పాలంటే ఆర్కిటెక్ట్‌కీ, సపోర్ట్ టీమ్‌కీ ఉన్న తేడా. కస్టమర్ తిట్లు తినేది ఎవరో మీకు తెలుసు కదా!

ఇలాంటి ఉద్యోగం చేస్తూ చాలామంది ‘సాయంత్రం ఇంటికెళ్లాక నా అసలు కళ’ అనుకుంటారు. పగలు జీతం, రాత్రి కల. ఎల్గేరా ఆ గోడ తీసేశాడు. పగలు చేస్తున్న పనినే, అంటే పాఠం, చర్చ, వర్క్‌షాప్, ప్రశ్న, జవాబు.. వీటినే తన కళకు ముడిసరుకు చేసుకున్నాడు. చిత్రకారుడికి రంగులెలాగో ఈయనకు సంభాషణ అలాగ. నన్ను మొదట పట్టుకుంది ఈ పాయింటే. వారానికి ఐదు రోజులు చేసే పనిని తిట్టుకుంటూ వీకెండ్‌లో ‘పాషన్’ వెతుక్కునే బ్యాచ్ మనది మరి.

అలాస్కా నుంచి చివరి ఊరి దాకా

2006లో ఎల్గేరా ఒక పిచ్చి పని చేశాడు. మడిచి వ్యాన్‌లో పెట్టుకునే ఒక బడి తయారు చేసుకున్నాడు. కావలసిన చోట విప్పితే డేరాలా నిలబడుతుంది. దానికి ‘స్కూల్ ఆఫ్ పాన్‌అమెరికన్ అన్‌రెస్ట్’ అని పేరు పెట్టాడు. తెలుగులో ‘అమెరికా ఖండాల అశాంతి పాఠశాల’ అనుకోవచ్చు. అలాస్కాలోని యాంకరేజ్‌లో బయలుదేరి, రెండు అమెరికా ఖండాలూ దాటి, దక్షిణాన చిట్టచివర ఉన్న టియెరా దెల్ ఫ్యూగో దాకా వెళ్లాడు. దాదాపు 20 వేల మైళ్లు. నాలుగు నెలలు. దారిలో సుమారు 30 చోట్ల ఆగాడు.

ఆగిన ప్రతిచోటా బడి విప్పడం, స్థానికులను పిలవడం, మాట్లాడించడం. మనం అంతా ఒకే ఖండం వాళ్లమా? అమెరికా అంటే ఎవరు? మీ ఊళ్లో కళ ఎవరి కోసం? ఇలాంటి ప్రశ్నలు. వర్క్‌షాప్ చివర్లో ఆ ఊరివాళ్లే కలిసి ఒక ప్రసంగం రాస్తారు. దాన్ని బహిరంగంగా చదువుతారు. ఊరూరికీ ప్రసంగం మారిపోతుంది. సిలబస్ ఆయనది, పాఠం మాత్రం ఆ ఊరిది.

ఈ ప్రయాణంలో రెండు కొసలున్నాయి. అవి తెలుసుకున్నాక నేను కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. ఉత్తర కొసన, అలాస్కాలో, ఆయన మేరీ స్మిత్ జోన్స్ అనే పెద్దావిడను కలిశాడు. ఎనభై దాటిన ఆమె ఇయాక్ అనే భాషను పుట్టుకతో మాట్లాడే చివరి మనిషి. దక్షిణ కొసన, చిలీలోని నవారినో దీవిలో, క్రిస్టీనా కాల్దెరోన్‌ను కలిశాడు. ఆమె యాగన్ భాషకు చివరి మనిషి. మేరీ 2008లో చనిపోయారు. క్రిస్టీనా 2022లో చనిపోయారు. ఇద్దరూ పోయేలోపు ఊరికే కూర్చోలేదు. మేరీ ఒక భాషాశాస్త్రవేత్తతో కలిసి నిఘంటువుకు సాయం చేశారు. క్రిస్టీనా మనవరాలితో కలిసి కథలు నమోదు చేయించారు.

ఒక్కసారి ఊహించుకోండి. మీకు ఒక జోకు గుర్తొచ్చింది. అది మీ భాషలోనే పేలుతుంది. దాన్ని చెప్పడానికి భూమ్మీద ఇంకో మనిషి లేడు.

ఖండం అంతా కలిపి మాట్లాడించాలని బయలుదేరినవాడు, తనతో తన భాషలో మాట్లాడేవాళ్లే లేని ఇద్దరు మనుషుల మధ్య దారి గీసుకున్నాడు. దీనికి వివరణ అవసరం లేదనుకుంటా.

ఒక్కరికి ఒక్క పుస్తకమే

ఆయన పనుల్లో నాకు బాగా నచ్చింది మాత్రం పుస్తకాల కొట్టు. 2013లో న్యూయార్క్ చెల్సీ ప్రాంతంలో, ఖరీదైన గ్యాలరీల మధ్య, ఒక గ్యాలరీలో స్పానిష్ పాత పుస్తకాల కొట్టు తెరిచాడు. పేరు ‘లిబ్రేరియా దోన్సేలెస్’. దోన్సేలెస్ అనేది మెక్సికో సిటీ పాత బస్తీలో పాత పుస్తకాల కొట్లకు పేరుపడ్డ వీధి. మనకు ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ ఎలాగో వాళ్లకు అది అలాగ.

నేపథ్యం తెలిస్తే ఇది సరదా కోసం చేసింది కాదని అర్థమవుతుంది. న్యూయార్క్ జనాభాలో పావు వంతుకు దగ్గరగా స్పానిష్ మాట్లాడేవాళ్లే. కానీ నగరంలోని స్పానిష్ పుస్తకాల కొట్లు ఒక్కొక్కటిగా మూతపడుతూ వచ్చాయి. లక్షల మంది మాట్లాడే భాషకు ఆ నగరంలో ఒక పాత పుస్తకాల కొట్టు దిక్కు లేదు. ఎల్గేరా మెక్సికోలో జనం దగ్గర పుస్తకాలు సేకరించాడు. ఇచ్చినవాళ్లకు బదులుగా తన కళాకృతులు ఇచ్చాడు. అలా దాదాపు 20 వేల పుస్తకాలు పోగయ్యాయి. ఎవరు ఇచ్చారో తెలిసేలా పుస్తకంలో వాళ్ల పేరుతో చీటీ అంటించాడు.

కొట్టుకు రెండు రూల్స్. మనిషికి ఒక్కసారికి ఒక్క పుస్తకమే అమ్ముతారు. ధర మీ ఇష్టం, ఎంత ఇవ్వాలనిపిస్తే అంత.

ఒక్కటే ఎందుకు? రెండు బటన్లు నొక్కితే ఇరవై పుస్తకాలు ఇంటికొచ్చే రోజులివి. ఒక్కటే అనగానే మీరు ఆగుతారు. తిరుగుతారు. కొట్టులో ఉన్నవాళ్లను అడుగుతారు. ‘మీకేం కావాలి?’ అని వాళ్లూ అడుగుతారు. అంటే రూల్ పుస్తకం కోసం పెట్టింది కాదు, మాట కోసం పెట్టింది. మనం యాప్‌లో యూజర్ ఆగిపోకుండా ఉండటానికి ఎంత కష్టపడతామో, ఆయన మనిషి ఆగడానికి అంత కష్టపడ్డాడు.

న్యూయార్క్ తర్వాత ఆ కొట్టు ఫీనిక్స్, శాన్ ఫ్రాన్సిస్కో, సియాటిల్, షికాగో, బాస్టన్ లాంటి నగరాలకు వెళ్లింది. వలస వచ్చిన కుటుంబాలకు అది ఎలా కనిపించి ఉంటుందో నేను ఊహించగలను. డల్లాస్‌లో మా పెదనాన్న కొడుకు ఇంట్లో ఒక అలమర నిండా తెలుగు పుస్తకాలున్నాయి. వాళ్ల పాప తెలుగు చక్కగా మాట్లాడుతుంది, చదవడం రాదు. ఆ పుస్తకాల ముందు నిలబడి వీడియో కాల్‌లో ‘బాబాయ్, వీటిలో ఏముంటుంది?’ అని అడిగింది ఒకసారి. పాత పుస్తకాల కొట్టు తెరవాలన్న ఆలోచన ఎక్కడి నుంచి వస్తుందో ఆ ప్రశ్న విన్నవాళ్లకు అర్థమవుతుంది.

పాల్గొనడానికి నాలుగు మెట్లు

ఇక నా ఫ్రెషర్ల గొడవకు వద్దాం. 2011లో ఎల్గేరా ఒక సన్నటి పుస్తకం రాశాడు. ‘ఎడ్యుకేషన్ ఫర్ సోషల్లీ ఎంగేజ్డ్ ఆర్ట్’. జనంతో కలిసి కళ చేసేవాళ్ల కోసం రాసిన హ్యాండ్‌బుక్. చిత్రకారులకు ఏ రంగులో ఏ నూనె కలపాలో చెప్పే పుస్తకాలుంటాయి కదా, అదే ధోరణిలో సంభాషణ ఎలా నడపాలి, గొడవ వస్తే ఏం చేయాలి, ఎంతవరకు మన చేతిలో ఉంచుకోవాలి అని చెబుతాడు.

అందులో పాల్గొనడాన్ని నాలుగు మెట్లుగా విడగొడతాడు. నేను నా మాటల్లో, నా ఆఫీసు ఉదాహరణలతో చెబుతా.

మొదటి మెట్టు: నామమాత్రం. వచ్చాడు, చూశాడు, వెళ్లాడు. కెమెరా ఆఫ్, మ్యూట్ ఆన్.

రెండోది: చెప్పింది చేయడం. ‘ఇక్కడ మీ పేరు రాయండి, ఈ బటన్ నొక్కండి’. చాట్‌లో బొటనవేలు పెట్టడం కూడా ఈ కోవలోకే వస్తుంది.

మూడోది: సొంతంగా ఏదైనా కలపడం. చట్రం మనది, లోపల నింపేది వాళ్లది. ఊరివాళ్లు రాసుకున్న ప్రసంగం ఈ మెట్టు మీదుంది.

నాలుగోది: చట్రం కట్టడంలో కూడా భాగం పంచుకోవడం. ఏం చేయాలో, ఎందుకు చేయాలో కలిసి తేల్చుకోవడం.

నాలుగో మెట్టే గొప్పది, మొదటిది చెత్త అని కాదు. సమస్య ఎక్కడంటే, మొదటి మెట్టు మీద నిలబడి నాలుగో మెట్టు మీదున్నామని చెప్పుకోవడంలో ఉంది. నా 64 స్లైడ్ల సెషన్ పేరు ఏంటో తెలుసా? ‘ఇంటరాక్టివ్ నాలెడ్జ్ షేరింగ్’.

ఇంకో మాట కూడా అంటాడు. మనిషి ఎలా వచ్చాడన్నది కూడా చూడాలట. ఇష్టపడి వచ్చాడా, ఎవరో పంపితే వచ్చాడా, లేక రోడ్డు మీద పోతూ తెలియకుండా చిక్కుకున్నాడా? ఈ మూడు రకాల మనుషులతో ఒకేలా మాట్లాడితే కుదరదు. 75 శాతం అటెండెన్స్ కోసం నాలుగేళ్లు క్లాసులో కూర్చున్న నాలాంటి ఇంజినీరింగ్ సరుకుకు రెండో రకం గురించి వేరే చెప్పాలా? నా ముందు కూర్చున్న ఇరవై ఇద్దరూ ఆ సరుకే. పదహారేళ్ల చదువులో వాళ్లకు బాగా వంటబట్టిన పాఠం ఒకటే.. ‘అర్థమైందా?’ అంటే ‘యెస్ సర్’ అనాలి.

ఈ ఆలోచనలన్నీ ఎల్గేరా గాల్లోంచి తీసినవి కావు. బ్రెజిల్‌కు చెందిన పాలో ఫ్రైరే ప్రభావం ఆయన మీద ఉంది. ఫ్రైరే 1963లో అంజికోస్ అనే ఊళ్లో 300 మంది పేద పెద్దవాళ్లకు 40 గంటల్లో చదవడం, రాయడం నేర్పించిన పద్ధతితో పేరు పొందాడు. అక్షరాలతో కాకుండా, వాళ్ల పనిలో, బతుకులో ఉండే మాటలతో మొదలుపెట్టాడు. నేర్చుకునేవాడు ఖాళీ డబ్బా కాదు, వాడికీ తెలిసిన లోకం ఒకటుంది అన్నది ఆయన వాదన.

మ్యూజియం ఎడ్యుకేటర్లకూ ఇలాంటి దినుసు ఒకటుంది. మోమాలో 1983 నుంచి 1993 వరకు విద్యా విభాగాన్ని చూసిన ఫిలిప్ యెనవైన్, మనస్తత్వ పరిశోధకురాలు ఎబిగైల్ హౌసెన్ కలిసి ఒక పద్ధతి తయారు చేశారు. బొమ్మ ముందు జనాన్ని నిలబెట్టి మూడే ప్రశ్నలు. ఇందులో ఏం జరుగుతోంది? అలా అనిపించడానికి మీకేం కనబడింది? ఇంకేమేం కనబడుతున్నాయి? చిత్రకారుడి పేరు, సంవత్సరం, ఏవీ ముందు చెప్పరు. చూసినదాన్ని బట్టి మాట్లాడటం అలవాటయ్యాక మిగతావి వాళ్లే అడుగుతారు.

నవ్వించే చురకలు

ఇదంతా చదివి ఎల్గేరాను సీరియస్ మాస్టారు అనుకునేరు. ఆయన నవ్విస్తాడు కూడా. ‘ఆర్టూన్స్’ పేరుతో కళా ప్రపంచం మీద కార్టూన్లు వేశాడు. ఓపెనింగులకు వచ్చి బొమ్మలు తప్ప అన్నీ చూసేవాళ్లు, అర్థం కాని భాషలో రాసే విమర్శకులు.. అందరికీ చురకలే. ఆ లోకంలో ఎలా మెలగాలో చెప్పే వెటకారపు మర్యాదల పుస్తకం కూడా రాశాడు.

ప్రదర్శనల్లో ఆయన ఎక్కువగా వాడుకునేది ఉపన్యాసాన్నే. ఒకాయన మైకు ముందు నిలబడి మాట్లాడతాడు. సదస్సే అనుకుని వింటాం. మధ్యలో ఎక్కడో ఇది నాటకమా, నిజమా అని అనుమానం మొదలవుతుంది. 2009లో చేసిన ‘ది జువెనల్ ప్లేయర్స్’ అనే నాటకం పూర్తిగా ఒక కళా చర్చావేదిక రూపంలోనే సాగుతుంది. మైకులు, మంచినీళ్ల సీసాలు, మోడరేటర్.. వీటన్నిటి వెనుక కూడా ఒక నటన ఉందని చూపిస్తాడు. మన టౌన్‌హాల్ మీటింగుల్లో కూర్చున్నప్పుడల్లా నాకిప్పుడు ఇదే గుర్తొస్తోంది!

2011లోనే ఇటలీలో ఎమీలియా రొమాన్యా ప్రాంతం భాగస్వామ్య కళకు ఇచ్చే అంతర్జాతీయ అవార్డు ఆయనకు వచ్చింది. దాంతో బొలోన్యా నగరంలో ‘ఏలియా మీడియా’ అనే ప్రాజెక్టు చేశాడు. స్థానికులకు సాంస్కృతిక జర్నలిజం, రేడియో నేర్పించి, వాళ్ల చేతే ప్రసారాలు చేయించాడు. అదే ఏడాది బ్రెజిల్‌లోని పోర్తో అలెగ్రేలో జరిగే మెర్కోసుల్ బినాలేకు విద్యా విభాగపు క్యూరేటర్‌గానూ పని చేశాడు.

ఇది కళేనా?

మీకు వచ్చిన డౌటే నాకూ వచ్చింది. పుస్తకాల కొట్టు పెడితే వ్యాపారం, బడి పెడితే సమాజ సేవ. ఇందులో కళ ఎక్కడుంది?

ఈ ప్రశ్న పెద్దవాళ్లే వేశారు. క్లెయిర్ బిషప్ అనే విమర్శకురాలు 2012లో ‘ఆర్టిఫిషియల్ హెల్స్’ అనే పుస్తకం రాసింది. పాల్గొనే కళ మీద గట్టి పుస్తకం అది. మంచి పని చేశారు కాబట్టి మంచి కళ అనేస్తే కుదరదన్నది ఆమె వాదన. మంచితనానికి మార్కులు వేసుకుంటూ పోతే కళగా అది ఏం చేసిందన్నది ఎవరూ అడగరు. విద్యను కళగా చేసే ప్రాజెక్టుల గురించి అందులో ఒక అధ్యాయమే ఉంది. పైగా క్లాసులో కూర్చున్నవాడికి అది అనుభవం, బయట నిలబడి ఫొటోలు చూసేవాడికి ఏముంది అన్నది ఇంకో చిక్కు.

ఎల్గేరా ఈ చిక్కును తప్పించుకోడు. తన పుస్తకంలో ఒక తేడా చెబుతాడు. కొన్ని పనులు సమస్యకు ప్రతీకగా నిలుస్తాయి, కొన్ని పనులు నిజంగా ఆ పని చేస్తాయి. సంభాషణ గురించి ఒక బొమ్మ వేయొచ్చు. అది ప్రతీక. నిజంగా ఇద్దరిని కూర్చోబెట్టి మాట్లాడించొచ్చు. అది అసలు పని. రెండూ చేయొచ్చు. కానీ ప్రతీకను చూపించి అసలు పని జరిగిందని చెప్పకూడదు. నిజమైన పుస్తకం, నిజమైన కొనుగోలుదారు, నిజమైన మాట ఉండాలి. అవి లేకుండా కొట్టు సెట్ వేసి ఫొటో తీస్తే అది సినిమా సెట్టే.

నాకు సూటిగా తగిలింది ఇదే. నా సెషన్ నేర్పడానికి ప్రతీక. నేర్పడం జరగలేదు.

నాకు అన్ని జవాబులూ దొరికాయని చెప్పను. చెల్సీ గ్యాలరీలో కొట్టు పెడితే స్పానిష్ మాట్లాడే కూలి మనిషి లోపలికి రావడానికి జంకడా? వ్యాన్ వెళ్లిపోయాక ఆ ఊళ్లో ఏం మిగిలింది? ఈ ప్రశ్నలు న్యాయమైనవే. పెద్ద లెక్కల్లో చూస్తే ఒక కొట్టు, ఒక వ్యాన్ ఏం మార్చగలవు? కానీ ఒక్కో పుస్తకం ఒక్కో చేతికి వెళ్లింది. దాన్నీ లెక్క నుంచి తీసేయలేం.

ముందు ఎవరి ఉద్యోగం పోతుంది?

కథలో ఒక చేదు ముక్క కూడా ఉంది. 2020 మార్చిలో కొవిడ్‌తో మ్యూజియంలు మూతపడ్డాయి. ఆ నెలాఖరులో మోమా కాంట్రాక్టు మీద పని చేసే తన ఎడ్యుకేటర్ల ఒప్పందాలను ఆపేసింది. అప్పట్లో దీని మీద పెద్ద విమర్శే వచ్చింది. పద్దుల్లో కోత పడగానే మొదట వెళ్లేది ఎవరో మనకు కొత్తగా చెప్పాలా? జనంతో నేరుగా మాట్లాడేవాళ్లే. ఏళ్ల తరబడి ‘విద్య మా గుండెకాయ’ అని చెప్పుకున్నా సరే.

ఎల్గేరా మోమాలో చేరింది 2007లో, బయటికొచ్చింది 2020లో. ఆ తర్వాత న్యూయార్క్‌లోని ది న్యూ స్కూల్‌లో పాఠాలు చెబుతున్నాడు. ‘బ్యూటిఫుల్ ఎక్సెంట్రిక్స్’ పేరుతో కళ మీద, మ్యూజియంల మీద వ్యాసాలు రాస్తున్నాడు. మూడు దశాబ్దాల అనుభవం మ్యూజియం గోడ మీద బొమ్మగా వేలాడదు. కానీ ప్రపంచంలో ఎక్కడో ఒక ఎడ్యుకేటర్ ఆయన సన్నటి పుస్తకం బ్యాగులో పెట్టుకుని తిరుగుతుంటాడు. ఆ బ్యాగు నుంచే అది మా డిజైన్ అక్క చేతికి, అక్కడి నుంచి ఒక ఇంజినీర్ చేతికి వచ్చిందనుకుంటా.

రెండో బ్యాచ్

జనవరిలో కొత్త బ్యాచ్ వచ్చింది. పద్దెనిమిది మంది. ఈసారి స్లైడ్లు తొమ్మిది. మొదటి స్లైడ్‌లో మా సిస్టమ్ పడిపోయిన రాత్రి తాలూకు గ్రాఫ్ పెట్టాను, అంతే. ఏం చెప్పలేదు. ‘ఇందులో ఏం జరుగుతోంది?’ అని అడిగాను.

మళ్లీ నిశ్శబ్దం. ఈసారి నేను దాన్ని నింపలేదు. నలభై సెకన్లు అనుకుంటా, నలభై ఏళ్లలా గడిచాయి. వెనక నుంచి ఒకమ్మాయి ‘రెండింటికి ఏదో కిందకు పడింది సర్’ అంది. ‘ఎందుకలా అనిపించింది?’ అన్నాను. ‘గీత అక్కడ పడిపోయింది కదా’ అంది. పక్కవాడు ‘కాదు, ఒంటిగంటకే మొదలైంది చూడు’ అన్నాడు. పది నిమిషాల్లో ముగ్గురు లేచి స్క్రీన్ దగ్గరకు వచ్చేశారు.

అద్భుతం జరిగిందని అనను. నలుగురు మొత్తం రెండు గంటలూ నోరు విప్పలేదు. వాళ్లను ఎలా మాట్లాడించాలో నాకింకా తెలియలేదు. సగం సిలబస్ మిగిలిపోయింది. మేనేజర్ మొహం కూడా అంత బాగా పెట్టలేదు.

మధ్యలో 31వ స్లైడ్ సంగతి రావాలి. ఆ ఫైల్ గురించి ఎలా చెప్పాలా అని ముందు రోజు ఆలోచిస్తుంటే, పోయినేడు దాన్ని మార్చిన కుర్రాడే నా సీటు దగ్గరకు వచ్చాడు. ‘అది నేను చెప్తాను సర్. నాకైతే బాగా తెలుసు కదా’ అని నవ్వాడు. ఏం చెప్పాలి, ఎక్కడ ఆపాలి, తన పేరు రిపోర్టులో పడిన సంగతి చెప్పాలా వద్దా.. అన్నీ వాడే తేల్చుకున్నాడు. చెప్పాడు. రిపోర్టు కూడా చూపించాడు.

వాడు ముగించగానే, అప్పటిదాకా మాట్లాడని ఒక కుర్రాడు చెయ్యి సగమే ఎత్తాడు.

‘అన్నా, ఇది సిల్లీ డౌటేమో గానీ..’

‘అడుగు’ అన్నాడు వాడు, కుర్చీ దగ్గరకు లాక్కుంటూ.